నక్షత్రానికి లాగిన వైరు

కొత్త కారు కొన్నవాళ్లకు షోరూంలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. స్వీటు పెట్టె ఇస్తారు. వాటితోపాటు ఒక చిన్న పుస్తకం కూడా ఇస్తారు. వారంటీ సంగతులన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని చదివిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ చదవలేదు. 'ప్రశ్న పూర్తిగా చదివి ఏడవండిరా' అని పిల్లల మీద అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్న టీచరమ్మనై ఉండి, నా కారు పుస్తకాన్ని మాత్రం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పడేశాను.

విప్పిన రోజున కారు నంద్యాలలో సర్వీసు సెంటర్ షెడ్డులో కదలకుండా పడి ఉంది. బయట వరండాలో మా ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ కారు మళ్లీ కదలకపోతే ఆ మనిషీ కదలడని నాకు తెలుసు. అందుకే ఆ చీమతలకాయంత అక్షరాలను వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను.

మాది ఆళ్లగడ్డ. నేను సర్కారు బడిలో పనిచేస్తాను. మా ఆయనది బండల వ్యాపారం. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలలో నేల బండలు ఏరి, లారీకెక్కించి, ఇళ్లు కట్టుకునేవాళ్లకు చేర్చేవాడు. ఒకరోజు లారీలో నిలువుగా పేర్చిన బండల వరస ఒరిగింది. ఆయన పక్కకు దూకే లోపలే నడుము మీద పడింది. ప్రాణం దక్కింది. కాళ్లు దక్కలేదు. నడుము కింద గిల్లినా తెలియదని డాక్టర్లు చెప్పారు, నేను గిల్లి చూశాను కూడా.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆయన అడిగిన మొదటి పని మంచం గోడవైపు తిప్పమనడం. తిప్పాను. నాలుగు రోజులకు తనే మళ్లీ తిప్పమంటాడులే అనుకున్నాను. ఏడాది పైన ఆ గోడను చూస్తూనే పడుకున్నాడు. నేను బడికి పోతూ చెప్పినా 'ఊ', వచ్చి అన్నం పెట్టినా 'ఊ'. మా చర్చిని మేము గుడి అనే అంటాం. అక్కడి నుంచి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే కళ్లు మూసుకునేవాడు, అయ్యగారు వెళ్లినా తెరిచేవాడు కాదు. ఒకనాడు నేను వీపు తుడుస్తుంటే గోడతో చెప్పినట్టు చెప్పాడు, 'మే' అన్న పిలుపు మాత్రం నాకే.

"ఆ బండల కిందనే ఇడిసిపెట్టి వచ్చింటే బాగుండు మే."

నాకు కోపం తన్నుకొచ్చింది. తడిగుడ్డ బకెట్లోకి విసిరి, నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ మాట అన్న మనిషిని ఒంటరిగా వదిలి బడికి పోవడమెట్లా? ఆ రోజు నుంచి ఇంట్లో మందుబిళ్లలన్నీ నా బ్యాగులో పెట్టుకుని పోయేదాన్ని.

కాళ్లు లేకున్నా చేతులతో కారు నడపొచ్చని చెప్పింది కర్నూలు ఆస్పత్రిలో ఆయనతో వ్యాయామం చేయించే ఆమె. నేను మొదట నమ్మలేదు. కనుక్కుంటే నిజమే. గేర్లు తమంతట తామే పడే కారొకటి కొన్నాం. నంద్యాలలో ఇలాంటి పనులు చేసే మెకానిక్కు ఒకడున్నాడు. స్టీరింగు పక్కన ఒక లివరు బిగించాడు. ముందుకు నెడితే బ్రేకు, తనవైపు లాగితే యాక్సిలరేటరు. బిగించే ముందే నాకు ఒక మాట చెప్పాడు.

"అక్కా, ఇది రెండు ఇనుప కడ్డీలు, నాలుగు బోల్టులు. అంతే. వైరు జోలికి నేను పోను. వైరు కోస్తే కంపెనీవోళ్లు వారంటీ లేదంటారు. రేపు నువ్వొచ్చి నన్ను తిడతావు."

అప్పుడా మాట నా చెవిన పడింది గాని తలకెక్కలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూసి, నడిపించి, ఆర్సీ కార్డు మీద దివ్యాంగుల బండి అని మార్చి ఇచ్చాడు. అన్నీ పద్ధతి ప్రకారం చేశామని నా ధీమా.

మొదటిసారి ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, ఆ లివరు లాగిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. కారు వీధి చివరిదాకా పోయి ఆగింది. ఆయన నావైపు తిరిగాడు.

"యాడికి పోదాం మే?"

ఏడాది పైగా ఆ మనిషి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. చెయ్యి ఊపి ముందుకు పొమ్మన్నాను. అహోబిలం రోడ్డు మీద చాలా దూరం పోయి, ఎక్కడా దిగకుండానే తిరిగొచ్చాం. ఇంటికి రాగానే మంచం గుమ్మంవైపు తిప్పమన్నాడు. అక్కడి నుంచి చూస్తే కారు కనిపిస్తుంది.

తర్వాత మళ్లీ బండల పని మొదలుపెట్టాడు. ఇల్లు కట్టుకునేవాళ్లను కారులో ఎక్కించుకుని బేతంచెర్ల పోయేవాడు. ఫ్యాక్టరీ ముందర కారు ఆపితే, అక్కడి వాళ్లు బండను కిటికీ దగ్గరికే తెచ్చి, తడిగుడ్డతో తుడిచి చూపించేవాళ్లు. తడి చేస్తేనే బండ అసలు రంగు తెలుస్తుంది. ఆయన వేలి ముడితో కొట్టి, చప్పుడు విని, 'ఇది వద్దు, పగులుండాది' అనేవాడు. ఇంటికొచ్చి ఎవరెవరు ఏమన్నారో వద్దన్నా చెప్పేవాడు. అంత వాగుడు మనిషని నేనే మరిచిపోయాను.

అప్పుడు డిసెంబరు వచ్చింది.

మా గుడి వాళ్లు డిసెంబరంతా సాయంత్రాలు ఇంటింటికీ పాడుకుంటూ తిరుగుతారు. అందరికంటే ముందు నక్షత్రం నడవాలి. వెదురు బద్దలు వంచి కట్టి, రంగు కాగితాలు అంటించి, లోపల దీపం పెట్టి, పొడుగాటి కర్రకు కట్టిన నక్షత్రం. ఆ కర్ర పట్టడం మా ఆయన ఇంటివాళ్లది. వాళ్ల జేజినాయన లాంతరు పెట్టి పట్టాడట. వాళ్ల నాయన పట్టాడు. పెళ్లయిన మొదటి డిసెంబరులో, గుంపుకు ముందు ఆ కర్ర ఎత్తి నడిచే మనిషిని చూపించి, 'వాడే నా మొగుడు' అని నేను మా అక్కకు గొప్పగా చెప్పుకున్నాను. దెబ్బ తగిలాక కర్ర ఇంకెవరో పట్టారు. పాటలవాళ్లు మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ఈయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

కారు వచ్చిన ఏడు మాత్రం గుడి పెద్ద ఒకాయన నేరుగా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు. కాఫీ వద్దన్నాడు.

"ఏందప్పా, ఈసారి నచ్చత్రం ఎవురు పడతారు? మీ నాయన పట్టె, నువ్వు పడితివి. కాళ్లు పోతే పోయె, కారుండాది గదా. దాని నెత్తిన కట్టు, ముందర నువ్వు పో."

ఆ మనిషికి మాటల్లో మెత్తదనం ఏనాడూ లేదు. కానీ ఆ మాట విన్నప్పుడు మా ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను, ఆ పెద్దాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నక్షత్రాన్ని కారు పైకప్పుకు కట్టారు. దీపాల పని మైక్ సెట్ అతనికి అప్పగించారు. పెళ్లిళ్లకు, పీర్ల పండగకు, మా గుడి కూటాలకు అన్నింటికీ లైట్లు, మైకులు వేసేది అతనే. మొదటి రోజు ఒక పాత బ్యాటరీ తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. నాలుగు వీధులు తిరిగేసరికి అది దిగిపోయింది. నక్షత్రం ఆరిపోయింది. బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా, చీకటి నక్షత్రం నెత్తిన పెట్టుకుని కారు నిలబడింది. ఎవరో నవ్వారు. మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. నేను భయపడ్డాను. మళ్లీ మంచం తిప్పమంటాడేమోనని.

మర్నాటి నుంచి నక్షత్రం ఆరలేదు. పండగ దాకా ఒక్కసారీ ఆరలేదు. దేవుని మహిమ అనుకున్నాను. అది మైక్ సెట్ అతని మహిమ అని తర్వాత తెలిసింది. నేను బడిలో ఉన్నప్పుడు మా ఆయన అతన్ని పిలిపించాడు. అతను డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, కారు వైరు ఒకటి గీరి, దానికి తన వైరు చుట్టి, టేపు వేసి, తలుపు సందులోంచి పైకి లాగాడు. ఫ్యూజూ లేదు, పాడూ లేదు. పెళ్లి పందిరికి ఎట్లా వేస్తాడో కారుకూ అట్లానే వేశాడు. ఆళ్లగడ్డలో అది ఎవరికీ తప్పుగా కనిపించదు. కరెంటు ఎక్కడుంటే అక్కడ కొక్కెం తగిలించుకోవడమే మా ఊరి ఇంజనీరింగు.

పండగ అయిపోయాక నక్షత్రం దించారు. వైరు మాత్రం పీకలేదు. మళ్లీ డిసెంబరుకు కావాలి గదా అని మా ఆయన దాన్ని చుట్ట చుట్టి తలుపు పక్కన మ్యాటు కిందికి తోయించాడు. ఆ మనిషి వచ్చే ఏడాది కోసం ఏదన్నా దాచిపెట్టాడంటే, అది ఆ వైరు ఒక్కటే.

వానలు మొదలయ్యాక ఒకరోజు నంద్యాల ఆస్పత్రిలో చూపించుకుని తిరిగొస్తున్నాం. శిరివెళ్ల దాటాక జోరువానలో, డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కాలిన వాసన వచ్చి, కారు ఆగిపోయింది. ఆయన లివరు లాగాడు. కారు కదల్లేదు. మళ్లీ లాగాడు. అట్లా లాగుతూనే ఉన్నాడు.

"ఇంక ఇడిసిపెట్టు" అన్నాను.

"పోతాది. ఉండు. పోతాది" అన్నాడు.

పోలేదు. ఎవరో పుణ్యాత్ములు ఆగి, ఈడ్చే బండిని పిలిపించారు. కారును నంద్యాలకు లాక్కుపోయారు. మేము ఎవరి వ్యానులోనో ఇల్లు చేరాం. రెండేళ్లు కూడా నిండని కారు, వారంటీ ఉంది, వాళ్లే చేసిస్తారు అని దారంతా ఆయనకు చెప్తూ వచ్చాను. ఆయనకు చెప్తున్నానో నాకు చెప్పుకుంటున్నానో తెలియదు.

సర్వీసు సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. కారు మొత్తానికీ కరెంటు పంచే కంట్రోల్ డబ్బా కాలిపోయిందట. కర్నూలు నుంచి కంపెనీ ఆయన చూడటానికి వస్తున్నాడట, మమ్మల్ని కూడా రమ్మన్నారు. పక్కింటి రైతు తన జీపులో మమ్మల్ని నంద్యాలలో దింపి తన పని మీద పోయాడు. మా ఆయన వరండాలో ఉంటానన్నాడు. లోపల కౌంటరు దగ్గర టై కట్టుకున్న ఒక అతను, మాది పాణ్యమే మేడం అని చెప్పి, చల్లగా కబురు చెప్పాడు.

"వారంటీ రాదు మేడం. చేతి లివరు పెట్టిచ్చినారు గదా. బయట పని చేయిస్తే రాదు. రూలు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"యాడ రాసుండాది ఆ రూలు? సూపీ."

అతను చూపించలేదు. నేనే షెడ్డులోకి పోయి, కారు అరలోంచి పుస్తకం తీసి, కవరు చింపి, అక్కడే నిలబడి చదివాను. ఇంగ్లీషులో మూడు చోట్ల మూడు రకాలుగా తిప్పి రాశారు గాని సారాంశం ఒకటే. కంపెనీ ఒప్పుకోని మార్పు ఏదైనా చేస్తే, ఆ మార్పు వల్ల చెడిపోయిన దానికి వారంటీ రాదు. కౌంటరు దగ్గరికి వచ్చి పుస్తకం అతని ముందు పెట్టాను.

"మార్పు చేస్తే బండి మొత్తానికి పోతాదని ఈడ లేదు. ఆ మార్పు వల్ల ఏది చెడితే దానికి రాదని ఉండాది. మా లివరు రెండు ఇనుప కడ్డీలు. ఒక్క వైరును ముట్టుకోలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు సూసి రాసిచ్చినాడు. కడ్డీ లేసిపోయి కరెంటు డబ్బాను కాల్చిందా? చెప్పు."

అతను తల గోక్కున్నాడు. షెడ్డులో ఇద్దరు మెకానిక్కులు పని ఆపి చూస్తున్నారు. నేను గెలిచాననుకున్నాను. వరండాలోకి చూస్తే మా ఆయన కూడా తల తిప్పి చూస్తున్నాడు. నా గొంతు అక్కడిదాకా వినిపించిందన్నమాట. నేను చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు.

కౌంటరు అతను లేచి, నాతో రండి మేడం అని షెడ్డులోకి తీసుకుపోయాడు. డ్రైవరు తలుపు తీసి, మ్యాటు లేపాడు. తడిసి, మసిబారిన వైరు చుట్ట ఒకటి కనిపించింది. తలుపు సందులో నలిగి తొక్క ఊడిన చోట రాగి బయటపడి ఉంది. అక్కడి నుంచి అది డ్యాష్‌బోర్డు కిందికి పోయి, కారు వైర్ల కట్టలో కలిసింది. కలిసిన చోట అంతా బొగ్గే.

"లివరు సంగతి ఒదిలేద్దాం మేడం. ఇదేంది?"

మైక్ సెట్ వాళ్లు వాడే ఎర్రటి, పచ్చటి ఆ వైరు చూడగానే నాకు అర్థమైంది. ఆరకుండా వెలిగిన నక్షత్రం గుర్తొచ్చింది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా దగ్గర పుస్తకం ఉంది, వాదన ఉంది, నోరు ఉంది. ఏదీ పనికి రాదు. నేను అంతసేపూ గొంతు చించుకుని నిరూపించిన రూలే వచ్చి నా మీద పడింది. మార్పు వల్ల చెడిపోయింది.

"ఇది నాకు తెలీదు" అన్నాను. "నిజంగా తెలీదు."

పాణ్యం అతను చెడ్డవాడు కాదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. 'కంపెనీ సారు భోజనం చేసి వస్తాడు, ఈ లోపల మేము టీకి పోతాము, మ్యాటు కింద ఏముందో నేను చూడలేదు' అన్నాడు. అని, మెకానిక్కులను తీసుకుని వెళ్లిపోయాడు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మోకాళ్ల మీద కూర్చుని, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, ఆ వైరు పీకడం మొదలుపెట్టాను. అది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. కంపెనీ దగ్గర ఇట్లాంటి డబ్బాలు గోడౌను నిండా ఉంటాయి. నా దగ్గర మొగుడు ఒక్కడే ఉన్నాడు. టేపు కరిగి అంటుకుపోయింది. గోళ్లు విరిగాయి. సగం వైరు నా చేతికి వచ్చింది.

"మే."

కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ ఆయన షెడ్డు దాకా వచ్చాడు. గట్టు ఎట్లా ఎక్కాడో తెలియదు. చేతులు బురద.

"ఏం జేస్తాండావు?"

"కనపడదా? పీకుతాండా. నువ్వు బయట ఉండు."

"పీకొద్దు. పెట్టించింది నేను. నేనే చెప్తా."

"చెప్తే ఇయ్యరు! నీకు తెలుస్తాందా? చెప్తే ఇయ్యరు!" అని అరిచాను.

"నచ్చత్రానికి పెట్టిన వైరు మే అది. దొంగసొత్తు పీకినట్ల పీకుతాండావే. నా కండ్లముందర పీకొద్దు."

అంతే అన్నాడు. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. కుర్చీలో ఉన్న మనిషిని, నిజంగానే కొట్టాలనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. పీకిన వైరు ఒళ్లో పెట్టుకుని కారు గుమ్మం మీద కూర్చుండిపోయాను. కంపెనీ ఆయన వచ్చేసరికి మేమిద్దరం అట్లానే ఉన్నాం.

ఆయన మర్యాదస్తుడు. మా ఆయన చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. నక్షత్రం సంగతి, బ్యాటరీ దిగిపోయిన సంగతి, మైక్ సెట్ సంగతి. టార్చి వేసి కారంతా చూశాడు. లివరును పట్టుకుని ఊపి చూశాడు.

"ఈ లివరు వల్ల ఏ ఇబ్బందీ లేదండి. దానిమీద మేం ఏమీ అనం. ఇంజినుకీ, గేరుకీ, మిగతా అన్నిటికీ మీ వారంటీ అలాగే ఉంటుంది. ఈ కంట్రోల్ డబ్బా, దానికి వెళ్లే వైర్ల కట్ట, ఈ రెంటికీ మాత్రం రాదు. బయటి వైరు వల్ల కాలింది. నేను వేరేగా రాయలేను."

"ఆ రెండూ లేకుంటే కారు కదుల్తుందా సార్?" అని అడిగాను.

"కదలదండి."

కదలని కారుకు ఇంజిను వారంటీ ఉంది. అన్నం లేని ఇంటికి విస్తరాకులు ఇచ్చినట్టు. వైరు ముందే పీకేసి ఉంటే ఆయన కనిపెట్టేవాడో లేదో నేను అడగలేదు. మా ఆయన చెప్పకపోతే ఏమయ్యేదో కూడా అడగలేదు. అడిగి ఏం చేయను? మిగిలిన వైరు వాళ్లే తీసి, నా ఒళ్లో ఉన్న సగంతో కలిపి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, 'మీ వస్తువు మేడం' అని నా చేతిలో పెట్టారు. కారు సొంత ఖర్చుతో బాగు చేయించుకుంటామా అని అడిగారు. ఆ ఖర్చు నా జీతానికి అందేది కాదు. ఆలోచించి చెప్తామన్నాను.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో. అది నేను రాయకుండా వదిలేయాలనుకున్నాను. కండక్టరు మంచివాడే, 'ఓ చెయ్యేయండప్పా' అని పిలిస్తే ఇద్దరు మగవాళ్లు దిగారు. చంకల కింద ఒకడు, మోకాళ్ల కింద ఒకడు పట్టుకుని మెట్లెక్కించారు. కాళ్లు ఒకదానికొకటి తగులుతూ వేలాడాయి. ఒక చెప్పు కింద పడిపోయింది. నేను వంగి చెప్పు తీసి లేచేసరికి బస్సులో అందరూ ఆయన్ను చూస్తున్నారు. ఆయన ఎవరినీ చూడలేదు. తన కారులో బేతంచెర్ల ఫ్యాక్టరీ ముందర హారన్ కొట్టి మనుషులను పిలిపించుకున్న మనిషి, కన్ను ఆర్పకుండా ముందు సీటు వెనకనున్న ఇనుప పట్టీని చూస్తూ కూర్చున్నాడు.

శిరివెళ్ల దగ్గర నాకు ఆ కవరు బయటికి విసిరేయాలనిపించింది. కిటికీ అద్దం లాగాను. చట్రం తుప్పు పట్టి అది రాలేదు. రెండు చేతులతో లాగాను, అయినా రాలేదు. వెనక సీటు ఆమె 'వాన కొడతాది, వద్దులేమ్మా' అంది. కవరు బ్యాగులో కుక్కాను.

ఇంటికి రాగానే ఆయన అన్నాడు.

"మంచం తిప్పు."

"తిప్పను" అన్నాను.

"తిప్పు మే."

"నేను తిప్పను. సచ్చినా తిప్పను" అన్నాను. ఆయన చేతులతో మంచం ఇనుప ఊచ పట్టుకుని, తనే శరీరాన్ని అటువైపు ఈడ్చుకోబోయాడు. కింద పడతాడని భయమేసి నేనే తిప్పాను.

తర్వాత మళ్లీ 'ఊ' మొదలైంది. ఇల్లు కట్టుకునేవాళ్లు ఫోన్ చేస్తే మోగీ మోగీ ఆగిపోయేది. నేను మళ్లీ మందుబిళ్లలు బ్యాగులో వేసుకుని బడికి పోవడం మొదలుపెట్టాను. మైక్ సెట్ అతను ఒకసారి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. పందిట్లో వేసినట్టే వేసినానక్కా, కారుకు వేరేగా వేయల్లని నాకెవురు చెప్పినారు అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. నిజమే, అతనికి ఎవరు చెప్పారు? చెప్పాల్సిన పుస్తకం కవరు కూడా విప్పకుండా అరలో ఉంది.

గుడిలో కూడా నేను పాడటం మానేశాను. అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచి కూర్చునేదాన్ని. 'నీ నక్షత్రానికి దీపం పెట్టినందుకే గదా ప్రభువా, నీ పుట్టినరోజుకే గదా' అని లోపల్లోపల దేవునితో పోట్లాడేదాన్ని. ఆయన కూడా 'ఊ' అనలేదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, బ్యాగులో పిల్లల పరీక్ష పేపర్ల కోసం వెతుకుతుంటే ఆ ప్లాస్టిక్ కవరు చేతికి తగిలింది. బయటికి తీశాను. కవరు చప్పుడుకు మంచం మీద కదలిక వినిపించింది. ఆయన ఇటు తిరగలేదు. గోడవైపు చూస్తూనే అడిగాడు.

"మే. ఆ వైరు పారేసినావా?"

ఎన్ని రోజుల తర్వాతో ఆయన నోటి నుంచి వచ్చిన ప్రశ్న. తుప్పు పట్టిన ఆ బస్సు కిటికీ గుర్తొచ్చింది.

"లేదు. ఉండాది."

"పెట్టు. డిసెంబరుకు కావల్ల."

ఏ కారుకు అని నోటిదాకా వచ్చింది. ఎవరి నెత్తిన కడతావు, ఎక్కడి నుంచి లాగుతావు కరెంటు, ఈ ఇంట్లో ఇంకేం మిగిలిందని కాల్చుకోవడానికి అని అరవాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. రెండింటినీ మింగి, కవరులోంచి వైరు తీశాను. మసి తుడిచాను. కాలిన ముక్క కోసి పడేశాను. మిగిలింది చుట్ట చుట్టి, ఆయన చూసే గోడకే క్యాలెండరు మేకు ఒకటుంటే, దానికి తగిలించాను.

ఆయన చాలాసేపు దానివైపే చూశాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు.

ఇది రాసేనాటికి కారు ఇంకా నంద్యాలలోనే ఉంది.